హెర్ట్సోగ్ త్స్వై: సేనానిస్థానవిచారము

"హెర్ట్సోగ్ త్స్వై" యనునది జపానుదేశపు టెక్నోసాఫ్టు సంస్థవారు 1989లో సెగా మెగాడ్రైవు యంత్రమునకై వెలువరించిన వీడియోగేము. వారే 1988లో ప్రకటించిన "హెర్ట్సోగ్" అను క్రీడ కిది యుత్తరభాగము. కర్తలు జపానీయులైనను నామము జర్మనుభాషలోనిది. నేటి జర్మనున హెర్ట్సోగ్ అనగా డ్యూకు పదవి. ప్రాచీనరూపమున "హెరి" యనగా సేన. రెండవ భాగము నడపుట యను నర్థముగల ధాతువునుండి పుట్టినది. మన "సేనాని" శబ్దనిర్మాణము నిట్టిదే. "త్స్వై" యనగా రెండు; మన "ద్వి" శబ్దమునకు సగోత్రము. కావున నీ నామమును "ద్వితీయసేనాని" యని తెనిగింపవచ్చును. సేనను నడపువా డెచ్చట నుండవలె నను ప్రశ్నయే యీ క్రీడకు ప్రాణము.

ఇందు నిరుపక్షములకును నొక్కొక్క మూలస్థావరము గలదు. నడుమ చిన్నస్థావరము లున్నవి. శత్రువుల మూలస్థావరమును కూల్చినవానిదే జయము. వంతులు లేవు, ఇరువురును నేకకాలముననే యెత్తులు వేయుదురు. ధనము వెచ్చించి పదాతులను, ట్యాంకులను, మోటారుసైకిళ్లను, పడవలను కొనవలెను. చిన్నస్థావరమును పట్టుటకు పదాతులే సమర్థులు. నలుగురు లోన జొచ్చినగాని యది వశము గాదు. సేనాంగమునకేకాక దాని కిచ్చు నాజ్ఞకును వెల గలదు. ఆటగాడు విమానమై యెగురును, మరమనిషియై నేలపై నిలిచి పోరును. సిద్ధమైన సేనాంగమును తానే యెత్తికొనిపోయి రణరంగమున దింపవలెను. ఒక్కమారు కొక్కదానినే మోయగలడు. వాని యింధనమును పరిమితమే.

ఇట పూర్వపక్ష మొకటి గలదు. వాహనయుద్ధమునకు కరలాఘవము, వ్యూహమునకు ఆలోచన వలయును. రెంటిని కలిపినచో నొకటి రెండవదానిని చెరుచునని కొందరందురు. ఈ యాక్షేపము నిలువదు. ఇచ్చట యుద్ధము వ్యూహమునకు విఘ్నము గాదు, దాని మూల్యము. ఒక స్థావరమును కాచుటకు నిలిచినవాడు వేరొకచోటికి పదాతులను మోయలేడు. అర్జునుడు సంశప్తకులతో దూరమున పోరుచుండగా నభిమన్యుడు పద్మవ్యూహమున కూలెను గదా! మహావీరుడైనను నొకేకాలమున నొక్కచోటనే యుండగల డను నా దుఃఖసత్యము నీ క్రీడ నియమరూపమున నాటగానికి బోధించును.

1992లో వెస్ట్‌వుడ్ సంస్థ వెలువరించిన "డ్యూన్ 2" ఈ వ్యూహక్రీడాజాతికి స్థిరరూప మిచ్చెను. అందు నాటగానికి రణరంగమున శరీరము లేదు. అతడు పైనుండి చూచి మౌసుతో నాజ్ఞాపించును. నడచువారు, చచ్చువారు నితరులు. సౌకర్యము పెరిగినమాట నిజము. అనేకదళముల నొక్కచూపున నడపుట యా మార్గముననే సాధ్యమైనది. కాని యాజ్ఞాపించువానికి నాజ్ఞవలని శ్రమ తెలియకుండుటయు నచ్చటనే మొదలైనది.

దోషములు లేకపోలేదు. సేనాంగములు త్రోవ వెదకుకొనుటలో మందబుద్ధులు. చిన్న యడ్డంకి నెదుటనే చిక్కువడి నిలిచిపోవును. ఇద్దరాడునపుడు తెర రెండుగా చీలును గాన నొకరి రహస్యము రెండవవారికి కనబడక మానదు. మాటువేయుట కవకాశము తక్కువ. అయినను నెదుట మనుష్యుడే కూర్చుండినప్పుడే దీని గుణము సంపూర్ణముగ వెల్లడియగును.

కాలక్రమమున తరువాతి క్రీడలకు మార్గదర్శి యని దీనిని పొగడుట పరిపాటి. ఆ పొగడ్త యసంపూర్ణము. తరువాతివారు దీనినుండి గ్రహించినదానికంటె విడిచినదే విలువైనది. తాను పంపు బంటును తానే మోసికొనిపోవు సేనాని యిందు గలడు. ఆ నామమున కర్థము నిలిచినది గూడ నందువలననే.