అనుమానము, ఆధారము

గూడూరువంటి యూరిలో నొక గృహస్థుని యింట నగ యొకటి కనబడకపోయినదనుకొందము. ఇల్లంతయు వెదకిన పిమ్మట ఆయన ఠాణాకు పోయి ఫిర్యాదు వ్రాయించును. “మీకెవరిమీద ననుమానము?” అని అచ్చట నడుగుదురు. ఆయన కన్నులార చూచినది లేదు, చెవులార విన్నది లేదు. అయినను జవాబు సిద్ధముగా నుండును. చేలలో నెలుకలు పట్టుటకు వచ్చిన యానాదియో, గంపలమ్ముటకు వీధిలోనికి వచ్చిన ఎరుకలసానియో గుర్తునకు వచ్చును. ఆ యొక్క మాటతో ఊరి వెలుపలి గుడిసెలలో సోదా మొదలగును. ఈ వ్యాసమున విమర్శింపదలచినది పోలీసులను మాత్రమే కాదు. ఆ సిద్ధమైన జవాబును. అది యెచ్చటనుండి వచ్చినది, శాసనములో నెట్లు చేరినది, శాసనము తొలగిన పిమ్మట నెట్లు నిలిచియున్నది యని విచారింతము.

1871లో ఆంగ్లప్రభుత్వమువారు నేరస్థజాతుల చట్టమును చేసిరి. మొదట నది ఉత్తరదేశమునకే పరిమితమై, 1911 నాటి చట్టముతో మద్రాసు రాజధానికిని వచ్చెను, 1924లో క్రోడీకరింపబడెను. ఇతర శిక్షాస్మృతులలో ముందు నేరము, పిమ్మట నేరస్థుడు. ఈ చట్టమున నేరస్థుడే ముందు, నేరము పిమ్మట! ఒక తెగ నేరస్థజాతి యని ప్రభుత్వము ప్రకటించినచో, ఆ ప్రకటన చెల్లునో చెల్లదో యే న్యాయస్థానమును విచారింపరాదు. పట్టీలో పేరెక్కినవాడు వ్రేలిముద్రలు ఇయ్యవలెను. నియమించిన వేళలకు హాజరు కావలెను. ఊరు మారినను చెప్పవలెను. నిర్ణయించిన యెల్ల దాటి కనబడినచో, పోలీసులే కాక గ్రామపెద్దయు, ఊరి కావలివాడును గూడ వారంటు లేకయే యాతనిని పట్టుకొనవచ్చును. దొంగతనమునకు సిద్ధముగా నున్నాడని న్యాయాధికారికి తోచిన స్థితిలో నెచ్చటనైన కనబడినచో, మూడేండ్లవరకు ఖైదు. దొంగిలించిన వస్తువు చూపనక్కరలేదు. అనుమానమే యిచ్చట ఆధారముయొక్క పీఠమెక్కి కూర్చున్నది.

ఈ పట్టీలోనికి ఎరుకలవారెట్లు వచ్చిరి? వారు పూర్వము గాడిదలమీదను ఎద్దులమీదను కోస్తా యుప్పును మెట్టసీమలకు మోసికొనిపోయి, ధాన్యము మార్చుకొని వచ్చెడివారు. ఊరూర తిరుగుటయే వారి వృత్తి. ప్రభుత్వపు ఉప్పుపన్నులును, రైలుబండ్లును ఆ వర్తకమును కూల్చినవి. వృత్తి పోయినను తిరుగుట పోలేదు. నిన్న వర్తకుని లక్షణమైన సంచారము నేడు దొంగ లక్షణమాయెను! ప్రకటన వెలువడిన పిమ్మట సాల్వేషన్ ఆర్మీవారి యజమాయిషీలో బాపట్ల దగ్గర స్టూవర్టుపురమును, బెజవాడ కెదురుగట్టున సీతానగరమును వారికి నివాసములుగా నేర్పడెను. యానాదులలో కొన్ని శాఖలకును ఈ ముద్ర తప్పలేదు. చూడుడు: రైతు తన పంటకు యానాదిని కావలియుంచుకొనెను, ఊరిలో చెంబు పోయినచో ఆ యానాదినే పట్టించెను. రాత్రి నమ్మదగినవాడు తెల్లవారుసరికి నమ్మదగనివాడెట్లాయెనో యెవరును అడుగలేదు.

“వారిలో దొంగలు లేరా? పోలీసులు ఎవరినో యొకరిని వెదుకవలదా?” అని కొంద రాక్షేపింతురు. ఉన్నారు; ఏ కులమున లేరు? దొంగను వెదకుట పోలీసుల ధర్మమే. కాని యొకడు చేసినపని ఆ యొక్కనిమీద నాధారమగునుగాని ఆతని పినతండ్రి కుమారునిమీద గాదు. మరియొక విషయము: ప్రతి దొంగతనమునకు ఒకే పేటను సోదా చేసినచో, దొరకిన దొంగలందరు ఆ పేటవారే యగుదురు. తక్కిన వీధులలో వెదకనే లేదు గదా! అట్లు పెరిగిన పట్టీని చూపి, “చూచితిరా, మేము చెప్పినది నిజమే” యందురు. ఇది ఋజువు గాదు; తన నీడను తానే సాక్ష్యమునకు పిలుచుట.

1947లో మద్రాసు ప్రభుత్వము ఈ చట్టమును రద్దుచేసెను. 1952 ఆగస్టు 31 నుండి దేశమంతట నది తొలగెను. కాని 1948లోనే మద్రాసునందును, 1962లో ఆంధ్రప్రదేశమునందును అలవాటు నేరస్థుల చట్టములు వచ్చెను. వీనిలో జాతిపేరు లేదు. వ్యక్తియొక్క పూర్వపు శిక్షలే లెక్క. ఇది యొక మెట్టు మేలే. అయితే ఠాణాలోని అనుమానితుల పట్టీకి పాత కన్నులే మిగిలినవి. 1962లో ఖరక్ సింగు వ్యాజ్యమున సుప్రీముకోర్టు, నిఘాపేరిట పోలీసులు రాత్రివేళ ఇండ్లకు పోవుట చెల్లదనెను. అరువదేండ్లు గడచినను, 2024 మే నెలలో నదే న్యాయస్థానము, వెనుకబడిన కులములవారి పేర్లను యాంత్రికముగా చరిత్రపట్టీల కెక్కించుటను గర్హించి, రాష్ట్రములు తమ విధానమును పునఃపరిశీలింపవలెననెను. ఆ యేటి అక్టోబరు 3వ తేదీన, కారాగృహములలోని కులభేదమును గూర్చిన తీర్పున, విముక్తజాతులవారిని నిష్కారణముగా అరెస్టు చేయరాదని పోలీసులకు మరల చెప్పవలసివచ్చెను. చెప్పవలసివచ్చుటయే వ్యాధి మానలేదనుటకు గుర్తు.

ఈ వ్యాధి మనకే ప్రత్యేకము గాదు. ఇంగ్లండులో 1824 నాటి దేశద్రిమ్మరుల చట్టమును పట్టుకొని పోలీసులు నల్లజాతి యువకులను వీథులలో ఆపుచుండిరి. 1981 ఏప్రిలులో లండనులోని బ్రిక్స్టనునందు కొలదిదినములలో వేయిమందికి చేరువగా నాపి సోదాచేయగా, ఆ పేట యల్లకల్లోలమాయెను. అనుమానముపై పట్టుకొను ఆ నిబంధన ఆ యేడే రద్దయ్యెను. 1984 చట్టము సోదాకు సహేతుకమైన కారణము కావలెననెను. అయినను నేటికిని నల్లవారిని ఆపుట తెల్లవారికంటె పలురెట్లు హెచ్చని వారి ప్రభుత్వపు లెక్కలే చెప్పుచున్నవి. వారికిని మనకును గల భేద మిదియే: వారు లెక్క వ్రాసి ప్రకటింతురు, మనకు అట్టి లెక్క లేదు. తెల్లవారుజామున పేటలను చుట్టుముట్టి చేయు “నిర్బంధ తనిఖీ”లను గూర్చి పత్రికలలో చదువుచున్నాము. అవి యెక్కువగా బీదల వాడలలోనే జరుగును. మేడల వీధులలో జరిగినట్లు వినుట అరుదు.

ఇక మన కళలు చేసిన సాయమేమి? స్టూవర్టుపురము పేరు తెలుగు తెరమీద దొంగకు పర్యాయపదమైనది. 1991లో రెండు చిత్రములు, 2023లో మరియొకటి ఆ యూరినే పెట్టుబడిగా గొనినవి. కథానాయకుని శౌర్యము మెచ్చుకొని మనము ఇంటికి వచ్చితిమి. ఆ యూరి పిల్లవాడు ఉద్యోగపు దరఖాస్తులో చిరునామా వ్రాయునపుడు ఆ మెప్పు ఆతనికి తోడురాదు. వెన్నెలకంటి రాఘవయ్యగారు యానాదుల మధ్య దశాబ్దములు పనిచేసి, వారి జీవితమునుగూర్చి గ్రంథమును వ్రాసిరి. తెర చూచినవారిలో నూటి కొక్కరైన దానిని తెరచిరా?

గృహస్థులు చేయదగిన దేమి? 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము, దర్యాప్తున వారంటు లేక సోదా చేయు నధికారి తన కారణమును ముందుగా వ్రాయవలెను. వెదకు వస్తువు నేదో వీలైనంతవరకు చెప్పవలెను. ఆ వ్రాతను నలువదియెనిమిది గంటలలో మేజిస్ట్రేటునకు పంపవలెను. స్త్రీని స్త్రీయే మర్యాద తప్పక సోదా చేయవలెను. ఆ స్థలమునకు చెందిన గౌరవనీయులు ఇద్దరు మధ్యవర్తులుగా నుండవలెను. ఆ గౌరవనీయు లెవరు? ఈ పత్రిక చదువు మనమే! పిలిచినపుడు కాగితము చదువక సంతకము పెట్టి వచ్చుట మన యలవాటు. ఇకమీదట కారణ మేమని యడుగుదము. జాబితా ప్రతి ఆ గుడిసెవానికి ముట్టినదా యని చూతము. మనయింట వస్తువు పోయినపుడు చూచినది మాత్రమే చెప్పుదము. చూడనపుడు “ఎవరిమీదను లే”దని చెప్పుదము.

నగ దొరకవచ్చును, దొరకకపోవచ్చును. పిల్లలయెదుట నొకసారి తిరుగవేయబడిన గుడిసెలోని కుండలు మాత్రము ఏ తీర్పుచేతను తిరిగి యథాస్థానమునకు రావు. ఆ సోదాకు మొదటి వారంటు ఠాణాలో గాక మన నాలుకమీద వ్రాయబడుచున్నదని తెలిసికొనుట సంస్కారమునకు మొదటి మెట్టు.