అల్లుఁడైన దేవుఁడు, అల్లుఁడైన రాజు

రూపకాలంకారమును మన పాఠశాలలయందు బోధించు రీతి యెల్లరు నెఱిఁగినదే. ఉపమేయమునకు నుపమానముతో నభేదము చెప్పుట రూపకమని లక్షణము వల్లింపఁజేసి, పద్య మొకటి చూపి, సమన్వయము వ్రాయించి పాఠము ముగింతురు. విద్యార్థియు రూపక మనఁగాఁ బద్యమునకుఁ దొడిగిన నగ యనియు, దానిని దీసివేసినచోఁ బద్యము చిన్నవోవునే కాని లోకమునకు లోటు లే దనియుఁ దలఁచును. లక్షణమునందు దోషము లేదు. కాని కృష్ణాతుంగభద్రల నడుమ నడిగడ్డ యనఁబరఁగు గద్వాలసీమను, కృష్ణ కావలి వనపర్తిసీమను, నల్లమల నంటియున్న నాగరుకర్నూలుసీమను బరిశీలించినచోఁ గొన్ని రూపకములు పద్యమును విడిచి లోకమునఁ బ్రవేశించి, యెవ్వ రెవ్వరి కేమి యీవలయునో, యెవ్వరికి నెవ్వరిపై నధికారము గలదో శాసించుచుండుట కానవచ్చును. అట్టివానిలో నొక్కదానిని, అల్లుని రూపకమును, విచారించుట యీ వ్యాసమున నా యుద్దేశము.

ముందుగా శాస్త్రము. ఒక వస్తువును దానిది కాని పేరుతోఁ బిలుచుటకుఁ గారణములు నాలు గని మహాభాష్యకారుఁడు చెప్పెను: అందుండుట, తద్ధర్మము గలిగియుండుట, సమీపమున నుండుట, సహచరించుట. మంచములు నవ్వుచున్న వనునప్పుడు నవ్వువారు మంచముమీఁది పిల్లలు. ఈఁటెలను లోనికిఁ బంపు మనునప్పుడు పోవువారు వానిని దాల్చినవారు. వైయాకరణులకు సుపరిచితమైన యీ విచార మే సూత్రముక్రింద వచ్చినదో యొకమాఱు స్మరింపఁగోరెదను. పుంయోగమువలన, అనఁగా భర్తతోడి సంబంధమువలన, స్త్రీకిఁ గలుగు పేరును విధించు సూత్రమును వ్యాఖ్యానించుచునే పతంజలి యీ నాలుగు కారణములను జెప్పెను. భర్త పేరు భార్యకుఁ జెందుట యెట్లు, ఆమె వేఱు, అతఁడు వేఱు గదా, యనుటయే యచ్చటి ప్రశ్నము. కావున మన వ్యాకరణమున నుపచారవిచారమునకు వివాహమే పీఠిక యయ్యెను. ఇది కేవలము కాకతాళీయ మన్న ననవచ్చును. నాకు మాత్ర మట్లు తోఁపదు.

పురాణకథలను రూపకములుగా విడఁదీయు పద్ధతియు మనకుఁ గ్రొత్త గాదు. వృత్రుఁ డెవ్వఁ డన్న ప్రశ్నమునకు మేఘ మని నైరుక్తులును, త్వష్ట కొడుకైన యసురుఁ డని యైతిహాసికులును జెప్పుదు రని యాస్కుఁడు రెండు పక్షములను నిరుక్తమునఁ జూపెను. కుమారిలభట్టు తంత్రవార్తికమున నింద్రుఁ డనఁగా సూర్యుఁ డనియు, నహల్య యనఁగాఁ బగటియందు లయించు రాత్రి యనియుఁ జెప్పి కథకుఁ బట్టిన మైలను గడిగెను. గత శతాబ్దికి ముందటి శతాబ్దిలో మాక్సుముల్లరు పండితుఁడు మఱియొక యడుగు వేసి, పురాణము భాషకుఁ గలిగిన రోగ మనెను: పదముల తొలియర్థము మఱచి జనులు వానినుండి కథ లల్లుకొనిరఁట. వీరందఱును గథ యెచ్చటనుండి వచ్చిన దని వెదకినవారే. వచ్చినకథ యేమి చేయుచున్న దని యడిగినవా రరుదు. 1980లో లేకాఫ్, జాన్సన్ అను అమెరికా పండితు లిరువురు, వాదమును యుద్ధముగాఁ దలంచువారు వాదమున గెలుపోటములనే చూతురు గాని వేఱొండు చూడఁజాల రని చూపి, యీ రెండవప్రశ్నమును దెలియవచ్చునట్లు చేసిరి. నే నిచ్చట నడుగునదియు నీ రెండవప్రశ్నమే.

శ్రీశైలమునకు ద్వారములు నాలుగు: తూర్పునఁ ద్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట నలంపురము, ఉత్తరమున నుమామహేశ్వరము. బాదామి చాళుక్యులనాఁటి నవబ్రహ్మాలయములకును జోగులాంబకును నెలవైన యలంపురము గద్వాలజిల్లాలోనిది. ఉమామహేశ్వరము నాగరుకర్నూలుజిల్లాలో నచ్చంపేట చేరువ కొండచఱియ. ద్వార మన్నచో గోడ యుండవలయును. ఇచ్చట గోడ లేదు. అడవి యున్నది, కొండలున్నవి, ఏఱు లున్నవి. అయినను ద్వార మన్న మాట పుట్టినవెంటనే లోపల నిల్లును, ఇంటిలో గృహస్థును, ప్రవేశించుట కొక క్రమమును గలిగినవి. వాకిట నిలువక లోనికిఁ బోవుట యమర్యాద గావున యాత్రికుఁడు ద్వారక్షేత్రమున నిలిచి, స్నానముచేసి, దైవమునకు మ్రొక్కి కదలును. పేరు పెట్టుటకుఁ గారణము మఱఁగుపడినను బేరు పెట్టిన విధి నిలిచినది. శ్రీశైలజలాశయమున మునుఁగకుండఁ గూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయిరాయిగా విప్పి యలంపురమునకుఁ దెచ్చి నిలిపిరి. నదీసంగమమును విడిచివచ్చిన యా దేవుఁడు నేఁటికిని సంగమేశ్వరుఁడే. యోగరూఢములో యోగము నీటఁ గలిసినది, రూఢి గట్టెక్కినది.

కాని ద్వార మన్నది వెలుపలినుండి వచ్చువాని మాట. నల్లమలలోపల నున్న చెంచులకు ద్వారముతోఁ బని యేమి? వారి కథ వేఱు. మల్లన్న వేఁటకై యడవికి వచ్చి చెంచుకన్యను వలచి పెండ్లాడెను. కావున నతఁడు చెంచులకు నల్లుఁడు. అహోబలమున నరసింహుఁడును జెంచులక్ష్మిని బెండ్లాడి యట్లే యల్లుఁ డయ్యెను. ఈ కథను శాస్త్రజ్ఞులు పెక్కుతెఱఁగుల విడఁదీసిరి. వనదేవత పురాణదేవతయందుఁ గలియుట యని కొందఱు, శైవవైష్ణవములు గిరిజనులను దమలోఁ జేర్చుకొనుట యని కొందఱు. కావచ్చును. అయిన నది మరల మొదటిప్రశ్నమునకే యుత్తరము. కథ నిలిచినకారణము వేఱొకటి గలదు. భక్తుఁడు దేవునియెదుట యాచకుఁడు; మామ యల్లునియెదుట యాచకుఁడు గాఁడు. పిల్ల నిచ్చినవాఁ డల్లుని కాళ్లు గడుగును, నిజమే. కాని పండుగకు రమ్మని పిలుచు నధికారము, రానిచో నిష్ఠురమాడు నధికారము నాతనికిఁ గలవు. రాజులు శిఖరములు గట్టించి, మాన్యము లిచ్చి సంపాదించిన చనువును జెంచు లొక్క కథతో సంపాదించిరి. చైత్రపూర్ణిమకు సలేశ్వరమున జాతర జరుగునప్పుడు లోయలోని లింగమునకుఁ బూజ చేయువారు చెంచులే. ఆ దినములలో నూళ్లనుండి వేలకొలఁది దిగివచ్చు జనులు వారియింటి కతిథులు.

ఇఁక నడవినుండి యాస్థానమునకు వత్తము. కావ్యము కన్య, కవి తండ్రి, కృతి నందినరాజు కృతిపతి, కృతిభర్త. ఈ రూపకము తెలుఁగుదేశమంతటఁ గల దైనను, సంస్థానములు బహుకాలము నిలిచిన యీ సీమయందు దాని చేష్టితము బాగుగాఁ దెలియును. విద్వద్గద్వాల యన్న ప్రశస్తి యూరక రాలేదు. తిరుపతి వేంకటకవులు గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సంస్థానములకు వచ్చి యవధానములు చేసిరి. నేఁడు నాగరుకర్నూలుజిల్లాలోఁ జేరిన జటప్రోలు సంస్థానమున నెలకూచి బాలసరస్వతి భర్తృహరి సుభాషితములను దెనిఁగించి, యా గ్రంథమును సురభి మల్లభూపాలుని పేరఁ బ్రచురపఱచెను. దాని పేరే మల్లభూపాలీయము. వైయాకరణులు చిత్తగింపవలయును. మల్లశబ్దమున నాద్యచ్చు వృద్ధి గాదు గదా, ఛప్రత్యయ మెట్లు వచ్చె నన్నచో, నామధేయమునకు వికల్పముగా వృద్ధసంజ్ఞ చెప్పిన వార్తికముచేత నని సమాధానము. అది సరియే. కాని యే యర్థమున వచ్చినది? ఒకనిని గూర్చి చేసిన గ్రంథ మన్న యర్థమునఁ గాదు. ఆ గ్రంథమున మల్లభూపాలుని కథ లేదు. వానిది యిది యన్న స్వత్వార్థముననే చెప్పవలయును. నీతిశృంగారవైరాగ్యములు భర్తృహరివి, తెలుఁగు బాలసరస్వతిది, పేరు మల్లభూపాలునిది. పుట్టినింట నెంత పెరిగినను బిల్ల మెట్టినింటిపేరు దాల్చినట్లే గదా. ఆ వంశముననే పుట్టిన సురభి మాధవరాయలు చంద్రికాపరిణయమును రచించి, కన్యను స్వీకరించు నింటివాఁడు కన్యను గన్నతండ్రియుఁ గాఁగలఁ డని చూపెను.

రూపకమునకు లోకముపై నెంత యధికారము గలదో తెలియుటకు జనులు దాని నంగీకరించినచోటఁ గాక, వివాదపడినచోటఁ జూడవలయు నని నా మతము. పోతన భాగవతమును రాజుల కీయలేదు. నరుల కిచ్చినవారిని నిందించువా రే మందురు? కావ్యమును విక్రయించి రందురు. ఈయఁదగు నన్నవారు కన్యాదాన మందురు; తగ దన్నవారు కన్యావిక్రయ మందురు. ఉభయులకును గన్య కన్యయే. కావ్యము కన్య కాదు, కవి వండిన యన్న మనియో నాఁటిన చె ట్టనియో చెప్పి వివాదమును దప్పించినవారు లేరు. వాదులు రూపకముపైఁ గాక రూపకములోపలఁ బోరాడిరి.

దీనినుండి మఱియొకచిక్కు పుట్టినది. పెండ్లికొడుకువలన ధనము గ్రహించి కన్య నిచ్చుట యాసురవివాహము. శుల్కము గొన్నతండ్రి సంతానమును విక్రయించినవాఁడే యని మనుస్మృతి యభిప్రాయము. రాజు కవికి ధన మిచ్చుచున్నాఁడు, కవి గ్రహించుచున్నాఁడు. రూపకమును దిన్నగా నడపినచో నిది కన్యాశుల్కమే యగును. అందువలననే సంస్థానభాషలో వెల యన్న మాట వినఁబడదు. సన్మానము, సంభావన, వర్షాశనము, అగ్రహారము: ఎన్ని పేరులు! వర్షాశన మేఁటేఁట వచ్చును; వెల యొక్కమాఱు వచ్చి తీఱిపోవును. అల్లుఁ డేఁటేఁటఁ బండుగకు నిచ్చుకొన్నట్లు వర్షాశనమును బొందిన పండితుఁడు తాను గూలివాఁడ నని తలఁపక తలయెత్తి సభకు వచ్చెను. (కన్యాశుల్కమును గర్హించిన నాటకమే 1897లో విజయనగరమహారాజున కంకితమయ్యె నన్న విషయ మిచ్చట స్మృతికి వచ్చుట సహజము.) ఇది యంతయుఁ బేదఱికమునకుఁ గప్పిన పట్టుసాలు వ యని యాక్షేపింతురు. కావచ్చును. కాని యా సాలువ పండితుని మాటతీరును, రాజు చేయి చాఁచు తీరును గూడ మార్చినప్పుడు దానిని గప్పుడని త్రోసివేయుట యెట్లు?

ఈ రూపక మొకచోటఁ దడఁబడును. గద్వాలను 1924 మొదలు పాలించిన మహారాణి యాదిలక్ష్మీదేవమ్మ విద్వత్పోషకురాలు. రాణి కృతి నందెనేని నామె నే మందుము? కృతిపతికి స్త్రీలింగము చెప్పఁబోయినఁ బత్ని యని వచ్చును. కృతిపత్ని యన్నచో నర్థము తలక్రిందులగును. భర్తృశబ్దమునకు భర్త్రి యన్న రూపము గలదు గాని దానికి మగఁ డన్న రూఢ్యర్థము పొసఁగదు. భరించున దన్న ధాత్వర్థమే మిగులును. కన్యయుఁ బోయి, వరుఁడును బోయి, పోషించుట యన్న మొదటిమాట బయటపడినది. రూపకము మౌనముగా విడిచినవా రెవ్వరో వ్యాకరణ మిట్లు పట్టియిచ్చును. స్త్రీ కవియైనచోఁ గూఁతు నెవ్వరు ధారపోయుదు రన్నది దీనికి జత ప్రశ్నము. మన యాలంకారికు లెవ్వరును దాని నెత్తుకొన్నట్లు గానము.

1949లో జాగీరులు రద్దయినవి, సంస్థానములు పోయినవి. వనపర్తి రాజభవనమున నిప్పుడు పాలిటెక్నిక్ కళాశాల నడచుచున్నది. అంతకుముందే, 1934లో, సురవరము ప్రతాపరెడ్డి గోలకొండ కవుల సంచికలో 354 కవులను బ్రకటించినప్పుడు, ఆ పద్యములను జేకొన్నవాఁడు రాజు గాఁడు, చదువరి. చదువరి వెల యిచ్చును. పుస్తకపు టట్టపై వెల యచ్చువేయుటకు నేఁ డెవ్వఁడును సిగ్గుపడఁడు. అయినను లోపలి పుటలో నంకిత ముండును. అంకితోత్సవమున నూతనవస్త్రము లుండును. కొలువు పోయినను బెండ్లితంతు మిగిలినది.

అడవిలోని యల్లునికథ కట్లు విశ్రాంతి కలుగలేదు. 1983లోఁ జెంచులయడవి పులుల సంరక్షణక్షేత్ర మయ్యెను. రాష్ట్రవిభజనము పిమ్మట నుత్తరభాగము అమరాబాదు పేరఁ బరఁగుచున్నది. అచ్చట నుండుట కెవ్వరి కేమి హక్కు గల దన్న ప్రశ్నము కచ్చేరికి వచ్చినది. మా యల్లుఁ డీ కొండమీఁద నున్నాఁ డన్న మాట యే దస్తావేజున నెక్కును? ఎక్క దని తలఁచువా రుందురు. కాని 2006నాఁటి యటవీహక్కుల చట్టమునకుఁ జేసిన నియమములలోఁ బదుమూఁడవది సాక్ష్యములను లెక్కించుచుఁ బ్రాఁతబావులను, శ్మశానములను, పవిత్రస్థలములను, వ్రాఁతలోఁ బెట్టిన వృద్ధుల వాఙ్మూలమును గూడఁ జేర్చినది. సలేశ్వరము పవిత్రస్థలము. దాని కథ వృద్ధుల నోట నున్నది. దానిని వారి మాటలలోనే, రూపకమును విడఁదీసి యర్థము వ్రాయు మన పాఠశాలపద్ధతి వదలి, యున్న దున్నట్లు వ్రాసికొనువారు కావలసియున్నారు.