వినని చెవులు: దోమియే న్యాయస్థాన చిత్రములు

వ్యాజ్యములో ఓడినవాడు కోర్టులో ఏడ్చును, గెలిచినవాడు ఇంటికిపోయి ఏడ్చునని మన పెద్దల మాట. ఆ మాటలోని చేదును బొమ్మలలో చూపిన ఫ్రెంచి చిత్రకారుడు ఒనొరే దోమియే (1808–1879). ఇతడు బాల్యమున పారిసులో ఒక కోర్టు అమీనా వద్ద పనికుర్రవాడు. రాజు లూయీ ఫిలిప్పును ప్రజల సొమ్ము మ్రింగు బకాసురుని వలె చిత్రించినందుకు 1832లో చెరసాలకు పోయెను. 1835 నాటి చట్టము రాజకీయ వ్యంగ్యచిత్రములకు అడ్డుపడగా, సంఘము వైపు చూపు మరల్చెను. 1845–48 నడుమ 'షారివారీ' పత్రికలో వెలువడిన 'న్యాయస్థానపు జనులు' అను రాతి అచ్చు చిత్రముల వరుస అట్లు పుట్టినదే.

వానిలో రెండింటిని ఇచట పరిశీలింతుము. ఒకదానిలో, ఆకలికి తాళలేక దొంగిలించిన పేదవానితో న్యాయాధిపతి, తనకును దాదాపు ప్రతిదినము ఆకలి వేయుననియు, అందులకై తాను దొంగిలించుట లేదనియు పలుకును. వేరొకదానిలో వకీలు, వ్యాజ్యము పోయినమాట నిజమే గాని, తన వాదము వినుట ఎంతో ఆనందము కలిగించియుండునని కక్షిదారును ఓదార్చును.

ఈ ఇరువురును లంచము పుచ్చుకొన్నవారు కారు. చదువు లేనివారును కారు. వారి లోపము వినకపోవుట. 'ఆకలి' యన్న మాటలో న్యాయాధిపతికి తన భోజనవేళయే వినబడెను. వకీలుకు తన కంఠమే వినబడెను. దోమియే ప్రతిభ ఇచటనే కలదని మా అభిప్రాయము. చిత్రముల క్రింది మాటలు తరచుగా పత్రికవారు కూర్చినవే. వానిని చేతితో కప్పి చూచినను, నల్లని అంగీల మడతలును, ఎత్తిన గడ్డములును ఆ కథనే చెప్పును. ఒక్క కొరత మాత్రము కలదు: పేదవాడు మారుపలుకడు. నవ్వు మనది, మౌనము వానిది.

పరభాషా ప్రాంతమున కోర్టుకెక్కిన మనవారిలో కొందరికి ఆ వాదము విన్న ఆనందమైనను దక్కలేదు! అయినను వకీలును చూచి నవ్వుటకు మాకు కొంత సంకోచము కలుగుచున్నది. గుమాస్తా పనిలో మేము "అర్జీదారు విన్నవించుకొనునదేమనగా" అని వేల పర్యాయములు నకలు వ్రాసితిమి. అక్షరము తప్పలేదు. బల్ల కావల నిలిచినవాని విన్నపము మా చెవిని ఎన్నిమారులు పడెనో మాత్రము చెప్పజాలము.