బండి ఒప్పుకునే ఇంజిన్

పాత అంబాసిడర్‌లో ఇంజిన్ మార్చడం అపచారమని బాధపడే మిత్రులకు నేను మొదట గుర్తుచేసేది ఒకటే. ఆ పని కంపెనీయే చేసింది. బ్రిటన్ వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి పుట్టి, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో తయారైన ఈ కారు దశాబ్దాల పాటు 1,489 సీసీ బీఎంసీ పెట్రోల్ ఇంజిన్‌తో నడిచింది. 1990ల మొదట్లో హిందుస్తాన్ మోటార్స్ అదే బాడీలో జపాన్ ఇసుజు వారి 1,817 సీసీ ఇంజిన్‌ను, ఐదు గేర్ల బాక్సును పెట్టి అమ్మింది. 50 హార్స్‌పవర్ చుట్టూ ఉన్న బలం 75కు చేరింది. స్టీరింగ్ పక్కనుండే గేరు రాడ్ డ్రైవరు ఎడమచేతి కిందికి, ఫ్లోర్ మీదికి వచ్చింది. బయటినుంచి చూస్తే మాత్రం అదే గుండ్రటి బానెట్టు, అదే బరువైన తలుపు.

మా నాన్న వదిలివెళ్లిన మార్క్ 2 అంబాసిడర్‌కు 50 ఏళ్లు దాటాయి. దాని బ్లాకుకు బోరు మీద బోరు కొట్టించాక చివరి ఓవర్‌సైజు పిస్టన్లు కూడా అయిపోయాయి. అప్పుడు రెండు దారులు కనిపించాయి. సిలిండర్లకు స్లీవులు దించి పాత ఇంజిన్‌నే బతికించడం ఒకటి. కంపెనీ చూపిన బాటలో ఇసుజు ఇంజిన్ ఎక్కించడం రెండోది.

కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం, 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉండి, బాడీకి గాని ఇంజిన్‌కు గాని పెద్ద మార్పులు జరగని సొంత వాహనాలకే వింటేజ్ హోదా దక్కుతుంది. అలా రిజిస్టరైన కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకెళ్లవచ్చు. రోజువారీ తిరుగుడుకు వాడకూడదు. ఇంజిన్ మారిస్తే ఆ హోదా మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇంట్లో అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. అమ్మను ఎక్కించుకుని ఎండాకాలంలో ఏసీ వేసుకుని విజయవాడ నుంచి రాజమండ్రి వెళ్లిరాగలిగే బండి కావాలని అందరూ అన్నారు. బండి ఊరి వీధుల్లోనే తిరిగేదైతే నేను స్లీవులే వేయించేవాణ్ణి. హైవే మీద లారీని దాటుతూ, ఏసీ కంప్రెసర్ భారాన్నీ మోయడానికి ఆ పాత బలం చాలదు. తెలిసే ఆ హోదాను వదులుకున్నాం.

అయితే ఏ ఇంజిన్ ఎక్కించాలన్నది హార్స్‌పవర్ పట్టిక చూసి తేల్చేది కాదని ఈ పని చేయించాక గట్టిగా నమ్ముతున్నాను. దానికి మంచి సాక్ష్యం ఇంగ్లండ్‌లో ఉంది. అంబాసిడర్ ఇంజిన్ బీఎంసీ ‘బి సిరీస్’ కుటుంబానిది. అదే కుటుంబంలోని 1,798 సీసీ ఇంజిన్ ఎంజీబీ అనే స్పోర్ట్స్ కారులో ఉండేది. ఆ కారు బలం పెంచాలని ఎంజీ కంపెనీ 1967లో 2,912 సీసీ ఆరు సిలిండర్ల ఇంజిన్ పెట్టి, ఎంజీసీ పేరుతో దించింది. ఇనుప బ్లాకు, పాత ఇంజిన్ కంటే 90 కిలోలకు పైగా బరువు. ముందు సస్పెన్షన్‌నే మార్చాల్సి వచ్చింది. అయినా ముక్కు బరువెక్కి మలుపుల్లో చురుకు తగ్గిందని విమర్శలు వచ్చాయి. 1969లో దాన్ని ఆపేశారు.

తర్వాత కెన్ కాస్టెల్లో అనే రేసర్, ఇంజనీర్ సొంతంగా అదే ఎంజీబీలో రోవర్ వారి 3,528 సీసీ వి8 ఇంజిన్ కూర్చాడు. ఎనిమిది సిలిండర్లున్నా అల్యూమినియం బ్లాకు కాబట్టి, దాని బరువు నాలుగు సిలిండర్ల ఇనుప ఇంజిన్‌తో ఇంచుమించు సమానం. బండి సమతూకం చెడలేదు. 1973లో ఎంజీ కంపెనీయే అదే ఇంజిన్‌తో తన మోడల్ తెచ్చింది. బాడీ ఒకటే, బలం పెంచాలన్న కోరికా ఒకటే. ఒక ఇంజిన్‌ను బండి మోయలేకపోయింది, ఇంకోదాన్ని ఒప్పుకుంది. ఇంజిన్ మార్పిడి గురించి నేర్చుకోవలసిన పాఠమంతా ఈ రెండు కార్లలోనే ఉందనిపిస్తుంది నాకు.

అందుకే ఆటోనగర్‌లో మేస్త్రి గారితో కూర్చున్నప్పుడు బలం మాట చివరికి నెట్టి, అమరిక గురించే మాట్లాడుకున్నాం. నేటి చిన్న కార్లలో చాలావాటికి ఇంజిన్ అడ్డంగా ఉంటుంది, ముందు చక్రాలను తిప్పుతుంది. అంబాసిడర్‌లో ఇంజిన్ నిలువుగా కూర్చుని, ప్రొపెల్లర్ షాఫ్టు ద్వారా వెనక చక్రాలను తిప్పుతుంది. కాబట్టి ఎంత కొత్త ఇంజిన్ దొరికినా ఆ అమరికకు లొంగకపోతే పనికిరాదు. లొంగినా సంపు కింద క్రాస్‌మెంబరుకు తగలకూడదు. బానెట్టు మూసుకోవాలి. ప్రొపెల్లర్ షాఫ్టు రెండు చివర్ల కోణాలు సరిపోలాలి. తేడా వస్తే వేగంలో బండంతా వణుకుతుంది. రేడియేటర్ కొత్త ఇంజిన్ వేడిని మోయాలి. పాత డైనమో పోయి ఆల్టర్నేటర్ రావాలి. అంబాసిడర్‌కు విడిగా చాసిస్ లేదు, బాడీయే చాసిస్. ఇంజిన్ మౌంటింగుల కోసం ఎక్కడ పడితే అక్కడ కోసి వెల్డింగ్ పెడితే బండి నడుము విరిచినట్టే.

రెండు ఇంజిన్ల స్వభావమూ వేరు. బీఎంసీ పిస్టన్ వ్యాసం 73 మిల్లీమీటర్లు, అది ప్రయాణించే దూరం 89. వెడల్పు తక్కువ, పరుగు ఎక్కువ. అందుకే టాప్ గేరులో నెమ్మదిగా పోతున్నా ఇబ్బంది లేకుండా లాగుతుంది. ఇసుజుకు అవి 84, 82. అది హాయిగా తిరిగి బలం ఇస్తుంది. దాని వరసకు తగ్గ గేరుబాక్సు కూడా వెంట రావాలి. పాత నాలుగు గేర్ల బాక్సుకే కొత్త ఇంజిన్ తగిలిస్తే అది కొద్దికాలానికే అరిగిపోతుంది, కొత్త ఇంజిన్ సుఖమూ దక్కదు.

ఇక బ్రేకులు. నేను అన్నిటికంటే పట్టుబట్టేది ఇక్కడే. వేగం పెరిగితే బ్రేకులు ఆపాల్సిన శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో ఆగే బండి 90లో ఆగాలంటే బ్రేకులు రెండుంబావు రెట్ల పని చేయాలి. మార్క్ 2కి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. 50 హార్స్‌పవర్‌కు అవి చాలేవి. బలం పెంచి డ్రమ్ములు అలాగే వదిలేయడం ఎదుటివాడి ప్రాణంతో చెలగాటం. మా బండికి ముందు చక్రాలకు డిస్కులు, సర్వో బిగించి, ఖాళీ రోడ్డు మీద పరీక్షించాకే మేస్త్రి గారు ఇంజిన్ ముట్టుకున్నారు. ఆయన క్రమశిక్షణకు నేను రుణపడి ఉన్నాను.

కాగితాల పనీ అంతే ముఖ్యం. ఇంజిన్ మార్చడానికి ముందే రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి, కొత్త ఇంజిన్ నంబరు ఆర్సీలోకి ఎక్కించాలి. తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లో స్పష్టంగా చెప్పింది. ఎక్కడో దొరికిన ఇంజిన్‌ను పుట్టుపూర్వోత్తరాలు లేకుండా బిగించుకుంటే, ప్రమాదం జరిగిన రోజు బీమా దగ్గర నిలబడలేం. అంబాసిడర్‌కు కంపెనీయే ఇచ్చిన ఇంజిన్‌ను ఎంచుకోవడానికి నాకు ఇదీ ఒక కారణం.

పాత ఇంజిన్‌ను తుక్కుకు అమ్మవద్దని ప్రతి మిత్రుడికీ చెబుతాను. గ్రీజు పట్టించి, ఇంజిన్ నంబరు ప్లేటుతో సహా దాచండి. మౌంటింగులు బోల్టులతో బిగించండి, బాడీని కోయకండి. రేపు మీ పిల్లలకు ఆ కారును పుట్టినప్పటి రూపంలో చూడాలనిపిస్తే, పాత ఇంజిన్ మళ్లీ దాని చోట కూర్చోగలగాలి. మన తరం అవసరం తీర్చుకోవడానికి మనకెంత హక్కుందో, తర్వాతి తరానికి వేరే నిర్ణయం తీసుకునే హక్కూ అంతే ఉంది. ఆ రెండో హక్కును కాపాడుతూ చేసే ఇంజిన్ మార్పిడిని నేను అపచారమనను. పాత కారు మీద ప్రేమతో చేసే సేవ అంటాను.