గుణకం వెనక పెత్తనం

ఒకే కడుపున పుట్టిన నాలుగు భాషలు: జార్జియన్, మింగ్రేలియన్, లాజ్, స్వాన్. కాకసస్ ప్రాంతపు ఈ కుటుంబమే కార్ట్‌వేలియన్. జార్జియాలో బడి, కోర్టు, కొలువు అన్నీ జార్జియన్‌వే. లాజ్ జనం ఎక్కువగా టర్కీలో ఉన్నారు, అక్కడ పెత్తనం టర్కిష్‌ది. జార్జియన్ తప్ప మిగతా మూడూ ప్రమాదంలో ఉన్నాయని యునెస్కో చెప్పింది.

ఒక జనం ఇంకో జనంలో ఎట్లా కలిసిపోతారో జార్జియా గణితవేత్త తెమూర్ చిలాచవా లాంటివాళ్లు సమీకరణాల్లో రాస్తున్నారు. ఇట్లాంటి నమూనాల్లో సాధారణంగా రెండు జనాభాల్నీ గుణించి, ముందో గుణకం పెడతారు. వచ్చినదాన్ని చిన్నదాంట్లోంచి తీసి పెద్దదాంట్లో కలుపుతారు. వేటాడే జంతువు, వేటకు చిక్కే జంతువుల మీద 1920లలో లోట్కా, వోల్టెర్రా వేసిన లెక్కల పోలికే ఇది. 2003లో ఏబ్రమ్స్, స్ట్రోగాట్జ్ భాషకున్న హోదాని కూడా ఒక అక్షరంగా లెక్కలోకి తెచ్చారు. హోదా పెంచితే చిన్నభాషని నిలబెట్టొచ్చన్నారు. ఇది మెచ్చుకోవాల్సిందే.

మరి హోదా తగ్గించిందెవరు? ఈ ప్రశ్న లెక్కలోకి రాదు. అక్కడ హోదా ముందే ఇచ్చేసిన అంకె, ఎండా వానా లాగా.

ఆ నమూనాలో రెండు భాషలూ మాట్లాడే మనిషికి చోటు లేదు. 2005లో మీరా, పరెదెస్ స్పెయిన్‌లోని గలీషియన్, కాస్టిలియన్‌లని తీసుకుని ఆ లోటు పూడ్చారు. భాషలు బాగా దగ్గరివైతే రెండూ కలిసి బతకొచ్చని తేల్చారు. అంటే చుట్టరికం కాపాడుతుందన్నమాట.

మింగ్రేలియన్ దగ్గర ఈ మాట తిరగబడుతుంది. జార్జియన్ ఒక్కటే వచ్చినవాడికి మింగ్రేలియన్ అర్థం కాదు. అయినా చుట్టరికాన్నే సాకుగా చూపి అది ఉత్త మాండలికమేనన్నవాళ్లు ఉన్నారు. 1926 సోవియట్ జనగణన మింగ్రేలియన్లనీ స్వాన్లనీ విడిగా లెక్కపెట్టింది. తర్వాత వాళ్లని జార్జియన్ల పద్దులో కలిపేశారు. పేరే పోయాక సమీకరణంలో పెట్టే అంకె ఎక్కణ్ణుంచి తెస్తారు? మింగ్రేలియన్లలో చాలామంది తాము జార్జియన్లమనే చెప్పుకుంటారు. అది వాళ్ల హక్కు. జార్జియన్‌గా ఉంటూనే ఇంటిభాషని నిలుపుకోవాలనుకునే మనిషి ఏ గడిలోకి రావాలన్నదే మా ప్రశ్న.

మనకిది కొత్తేం కాదు. గోండి, కోయ తెలుగుకి దగ్గరి చుట్టాలు. ఎనిమిదో షెడ్యూలులో తెలుగుంది, అవి లేవు. వాటి హోదానీ రేపు ఎవరో ఒక అక్షరంగా రాస్తారు. లెక్క వెయ్యొద్దని మేమనం. గుణకం రాసే ముందు ఆ భాష మాట్లాడేవాళ్లని పక్కన కూచోబెట్టుకుని అడగమంటున్నాం.