మూడు ఊళ్ల పేర్లు: అచ్చుపుటకు, ఫాంటుకు మధ్య మార్పిడి

సీసపు అక్షరాలతో పుస్తకాలు అచ్చు వేసిన కాలంలో పుట వేరు, టైపు వేరు. అచ్చుపని ముగియగానే కంపోజిటరు అక్షరాలను విడదీసి మరల ఆయా గళ్లలో వేసేవాడు. నేటి అచ్చుపుట కంప్యూటరులో పి.డి.ఎఫ్. రూపాన వుంటుంది. 1993లో అడోబి సంస్థ వెలువరించిన ఈ పద్ధతిలో అక్షరాలను గీచే ఫాంటు కూడ సాధారణంగా పుటలోనే పొదిగి వుంటుంది. అందుచేత పుటనుండి ఫాంటును, ఫాంటునుండి పుటను ఎప్పుడు కావలసినా తీసుకోవచ్చుననీ, అందులో పోయేదేమీ లేదనీ ఒక నమ్మకం వ్యాపించింది. ఈ నమ్మకం ఎంతవరకు నిజమో పరీక్షించడానికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అనే మూడు పేర్లు చాలు.

మొదట ఈ పద్ధతికి దక్కవలసిన మెప్పు చెప్పాలి. ఫాంటులో అక్షరం చుక్కల బొమ్మగా కాక, వక్రరేఖల సమీకరణంగా వుంటుంది. కనుకనే దానిని గోడపత్రిక అంత పెంచినా అంచు చెదరదు. 1991లో ఆపిల్ సంస్థ తెచ్చిన ట్రూటైప్ ఫాంటులు వర్గ సమీకరణపు వక్రాలను, అడోబివారి పోస్ట్‌స్క్రిప్ట్ ఫాంటులు ఘన సమీకరణపు వక్రాలను వాడుతాయి. వర్గ వక్రాన్ని ఘన వక్రంగా మార్చితే లెక్క సరిగ్గా సరిపోతుంది. ఘన వక్రాన్ని వర్గ వక్రాలుగా మార్చాలంటే సాధారణంగా ముక్కలు చేసి ఇంచుమించుగా సరిపెట్టాలి. అయినా ఆ తేడా కంటికి ఆనేది కాదు. ఆకారం మట్టుకు మార్పిడి నమ్మదగినదే.

లోపం ఆకారంలో లేదు, అక్షరంలో వున్నది. కంప్యూటరుకు అక్షరమంటే ఒక సంఖ్య. 1991 నుండి యూనికోడ్ పద్ధతిలో తెలుగుకు 128 స్థానాలు కేటాయింపబడినవి. గద్వాల అనే మాటలో గ, ద, పొల్లు, వ, దీర్ఘం, ల అని ఆరు సంకేతాలు ఈ వరుసలోనే వుంటాయి. కాని కాగితంమీద కనబడే వరుస ఇది కాదు. దీర్ఘం దకారాన్ని అంటుకొని "దా" అవుతుంది. వకారం వత్తుగా మారి దాని వెనుకకు చేరుతుంది. ఈ మార్పు చేసే సూత్రాలు ఫాంటులో, దానిని నడిపే ప్రోగ్రాములో వుంటాయి. పుట తయారైన తరువాత మిగిలేది ఫలితం మాత్రమే. అన్నం వండిన తరువాత గింజల లెక్క అడిగినట్లు, అక్కడనుండి వెనుకకు పోవడం కష్టం.

ఇప్పుడు పరీక్ష చూడండి. సరిగా తయారు కాని పి.డి.ఎఫ్. పుటనుండి గద్వాలను తిరిగి తీస్తే గ, దా, వకారపు వత్తు, ల అన్న వరుస వస్తుంది. వనపర్తిలో గుడి తకారాన్ని వదలి రకారంమీదికి ఎక్కి "రి" అవుతుంది. తకారపు వత్తు తరువాత వస్తుంది. నాగర్‌కర్నూల్‌ది మరీ చిక్కు. "ర్నూ"లో కొమ్ము రకారానికి అతుక్కోవడమే కాక, "నాగర్" తరువాత కకారం వత్తుగా మారకుండ ఆపే కనబడని సంకేతం ఒకటి వుంటుంది. దానికి ఆకారమే లేదు గనుక అది పుటలో జాడ లేకుండా పోవచ్చు. కంటికి మూడు పేర్లూ నిక్షేపంగా వున్నాయి. యంత్రంతో వెదికితే మూడూ లేవు.

యూనికోడ్‌కు ముందటి ఫాంటులతో కూర్చిన పుటల స్థితి ఇంతకంటె కనిష్ఠం. వాటిలో తలకట్టులు, వత్తులు, కొమ్ములు ఇంగ్లీషు అక్షరాల స్థానాలను ఆక్రమించి వుంటాయి. ఏ ఫాంటుకు ఆ ఫాంటే వేరు పట్టిక. ఆ పట్టిక లేనిదే పుటలోని మాట ఇంగ్లీషు అక్షరాల కుప్పగా తేలుతుంది.

పుటనుండి ఫాంటును లాగే ప్రోగ్రాముల వాగ్దానం కూడ ఇట్టిదే. పి.డి.ఎఫ్. సాధారణంగా ఆ పుస్తకంలో వాడిన ఆకారాలనే దాచుకుంటుంది. "ఝ" రాని పుస్తకంనుండి లాగిన ఫాంటులో "ఝ" వుండదు. వత్తులను కూర్చే సూత్రాలూ వుండవు. అది టైపు కేసు కాదు, కేసులోనుండి రాలిన కొన్ని అచ్చులు.

దీనికి ఎదురుగా సురవరం ఫాంటును పెట్టి చూడాలి. గద్వాల జిల్లాలోని ఇటిక్యాలపాడు స్వగ్రామంగా గల సురవరం ప్రతాపరెడ్డిగారి పేరిట, పత్రికల వాడుకకై పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించగా సిలికానాంధ్ర సంస్థ దానిని స్వేచ్ఛా లైసెన్సుతో అందించింది. ఆకారాలతోపాటు యూనికోడ్ పట్టిక, కూర్పు సూత్రాలు దానిలోనే వున్నాయి. మార్పిడి చేయదలచినవారు ఈ మూలంనుండి చేయాలి గాని పుటనుండి కాదు. అయితే మంచి ఫాంటు కూడ చెడ్డ పుటను కాపాడలేదు. ఆకారాలకు వెనుక అసలు మాటను దాచివుంచే ఏర్పాటు పి.డి.ఎఫ్.లోనే కలదు. దానిని వాడని ప్రోగ్రాములది, అడగని ప్రచురణకర్తలది తప్పు.

1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికైన ప్రతాపరెడ్డిగారు అంతకు ముందే, 1934లో, తెలంగాణంలో కవులు లేరన్న మాటకు జవాబుగా గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులను చూపించారు. అటువంటి గ్రంథాన్ని నేడు కూర్చి లోపంగల పుటగా భద్రపరిస్తే, ఒక విద్యార్థి గద్వాల కవులకోసం వెదికినప్పుడు యంత్రం "లేరు" అనే చెబుతుంది. ఆనాడు ఆ మాట మనుష్యులు అన్నారు గనుక బదులు చెప్పే వీలుండెను. యంత్రం అన్న మాటను ఆ విద్యార్థి నమ్మి వెళ్లిపోతాడు. కాబట్టి పుస్తకాన్ని ప్రెస్సుకు పంపేవారు పుటతోపాటు యూనికోడ్ మూలప్రతిని కూడ భద్రపరచాలి. తమ ఊరి పేరును ఆ పుటలో ఒకసారి వెదికి చూడాలి. అది దొరికితే, ఆ పుట పరీక్షకు నిలిచిందన్నమాట.