వంశం చెప్పే నోళ్లు, వంశం అడిగే కచేరీలు

1802లో దత్తమండలాల ప్రిన్సిపల్ కలెక్టరు థామస్ మన్రో ఇక్కడి పాళెగాళ్ల మీద మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. చిన్నా పెద్దా కలిపి అప్పటికి ఎనభై మంది పాళెగాళ్లు ఉన్నట్టు లెక్క. ఏ కుటుంబం మూలపురుషుడెవరు, పాళెం ఎట్లా వచ్చింది, ఏ ప్రభుత్వానికి ఎంత పేష్కస్ కట్టారు అనేది అందులో కుటుంబాల వారీగా ఉంది. అంతదాకా భట్రాజు చదువుతుంటే మీసం దువ్వుకుంటూ విన్న వంశావళి, ఆ రోజుల్నుంచి కచేరీలో దాఖలు చేయాల్సిన దస్తావేజు అయిపోయింది. ఫలానావాడి మనవడినని రుజువు చేసుకుంటే పింఛను, లేకపోతే లేదు.

మన్రో గ్లాస్గో వర్తకుడి కొడుకు. ప్రభువంశంలో పుట్టినవాడు కాదు. పాళెగాళ్ల కోటలు పడగొట్టించి, వాళ్ల తరతరాల అధికారాన్ని తీసేసి పింఛనుదారులుగా కూర్చోబెట్టిన ఆయనకే 1825లో బ్రిటిష్ రాజు బారొనెట్ బిరుదు ఇచ్చాడు. అది కొడుక్కి, మనవడికి దిగే బిరుదు. ఆ మరుసటి ఏడే, 1826లో, జాన్ బర్క్ ఇంగ్లండు ప్రభువుల, బారొనెట్ల వంశాలను అక్షర క్రమంలో పెట్టి మొదటి సంపుటం అచ్చువేశాడు. 1827 జూలై 6న మన్రో పత్తికొండలో కలరాతో పోయాడు. బిరుదు కొడుక్కి దిగింది. ఇటు మన జిల్లాలో మన్రోలప్ప అని పిల్లలకు పేర్లు పెట్టుకున్న ఇళ్లూ ఉన్నాయి. ఒకే మనిషి ఇంగ్లండు వంశావళుల పుస్తకంలోకీ, అనంతపురం రైతుల ఇళ్లలోకీ ఎక్కడం చిత్రమే.

అందుకే అనంతపురం జిల్లా బెళుగుప్పలో కూర్చుని ఇంగ్లీషు ప్రభువుల వంశాల గురించి మాట్లాడుకోవడం వింతేమీ కాదు. వాళ్ల పద్ధతి చూస్తే మన పద్ధతిలో ఏముందో, ఏం లేదో బాగా తెలుస్తుంది.

ఇంగ్లండులో వంశాలు చూసే కొలువు 1484లో మూడవ రిచర్డు రాజు ఏర్పాటు చేసినది. దాంట్లోని ఉద్యోగులను హెరాల్డులంటారు. 1530 నుంచి 1688 దాకా వాళ్లు జిల్లా జిల్లా తిరిగి, డాలు గుర్తు వాడుకునే ప్రతి పెద్దింటివాడినీ పిలిపించి, ఈ గుర్తు నీకెట్లా వచ్చింది, నీ తాత ఎవరు, కాగితమేదీ అని అడిగారు. చూపించలేనివాడు పెద్దమనిషి కాదని బహిరంగంగా ప్రకటించేవాళ్లు. 1538 నుంచి ప్రతి చర్చిలోనూ బాప్తిజం, పెళ్లి, ఖననం రాసే పుస్తకాలు మొదలయ్యాయి కాబట్టి తనిఖీకి ఆధారం దొరికింది. వీలునామాలు, భూమి పత్రాలు, సమాధుల మీది రాతలు వాటికి తోడు. ఎస్టేటు అంతా పెద్దకొడుక్కే పోయేది గనక వంశవృక్షం నిట్టనిలువుగా ఒకే కొమ్మ వెంట పైకి పోతుంది. తమ్ముళ్ల సంతతి రెండు తరాల్లో మామూలు జనంలో కలిసి కనబడకుండా పోతుంది.

ఇంత తనిఖీ ఉన్నా అబద్ధాలకు కొదవ లేదు. అడిగేవాడికి ఫీజు ఇచ్చేదీ, విందు పెట్టేదీ ఆ ఇంటివాళ్లే కదా. డెన్‌బీ ప్రభువుల ఫీల్డింగ్ కుటుంబం తాము హాబ్స్‌బర్గ్ చక్రవర్తుల వంశమని రెండు వందల ఏళ్లకు పైగా చెప్పుకుంది, చరిత్రకారులు కూడా తలూపారు. జె. హెచ్. రౌండ్ అనే పండితుడు పాత దస్తావేజులు తిరగేసి అదంతా కల్పన అని 1901లో తేల్చేశాడు. రౌండ్ లాంటి మొండివాడు మన పాళెగాళ్ల వంశావళుల మీద ఒక్కడు కూర్చున్నా బాగుండేది.

మన వైపు రాత సంప్రదాయానికి వస్తే, వేంగి చాళుక్యుల రాగిరేకులను మించినవి తక్కువ. రాజు పేరు, తండ్రి పేరు చెప్పి ఊరుకోకుండా ఎవరు ఎన్నేళ్లు ఏలారో కూడా చెక్కించారు. కుబ్జ విష్ణువర్ధనుడు 18 ఏళ్లు. ఆయన మనవడు, రెండవ విష్ణువర్ధనుడు 9 ఏళ్లు. ఇతని తండ్రి ఇంద్రభట్టారకుడు ఏలింది ఏడు రోజులే. ఏడు రోజుల రాజును కూడా వదలకుండా లెక్కలో వేశారంటే ఆ రాయసగాళ్లకు నిజం మీద ఉన్న పట్టు ఏపాటిదో చూడండి. ఆ రేకులు పట్టుకునే తర్వాతి పండితులు వేంగి రాజుల కాలక్రమం కట్టారు. విజయనగరానికి వచ్చేసరికి తీరు మారింది. తుళువ వంశం రేకులు చంద్రుడితో మొదలై, యయాతి కొడుకు తుర్వసుడి మీదుగా దిగి, తిమ్మ, ఈశ్వర, నరస నాయకులకు వచ్చి కృష్ణరాయల దగ్గర ఆగుతాయి. ఈశ్వరుడి నుంచి కిందికి చరిత్ర. పైన ఉన్నది గౌరవం. వంశావళి చదివే ప్రతివాడూ ఈ గీత ఎక్కడ పడుతుందో పట్టుకోవాలి.

రాజులకు రాగిరేకులుంటే, రైతుకు మనుషులున్నారు. తెలుగుదేశంలో చాలా కులాలకు తమ పుట్టుక చెప్పే ఆశ్రిత కులం ఒకటి ఉంటుంది. మాదిగలకు డక్కలివాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, గొల్లలకు మందహెచ్చులవాళ్లు, విశ్వబ్రాహ్మణులకు రుంజవాళ్లు. రాజులకూ దొరలకూ భట్రాజులు. రెడ్లు, కమ్మవారు వంటి సేద్యపు కులాల గోత్రాలు, ఇంటిపేర్లు చెప్పేది పిచ్చిగుంట్లవాళ్లు. ఇప్పుడు వంశరాజులు అంటున్నారు. కన్నడ సీమలో ఈ పని హెళవలది. బెళుగుప్ప, కళ్యాణదుర్గం, రాయదుర్గం దాకా రెండు భాషలూ కలిసిన నేల కాబట్టి ఈ ఇద్దరి పద్ధతీ ఇక్కడివాళ్లకు పరాయిది కాదు.

వంశరాజులు తమ పుట్టుక గురించి చెప్పే కథ ఒక పాఠంలో ఇట్లా ఉంటుంది. ఒక కాపు ఇంట నూటొక్క మంది అన్నదమ్ములు. ఒకడు కుంటివాడు, నాగలి పట్టలేడు. శ్రీశైలం మల్లయ్య దయతో అతనికి ఒక ఎద్దు, అన్నదమ్ముల ఇళ్ల మీద అడిగి తీసుకునే హక్కు దక్కాయి. బదులుగా వాళ్ల వంశాలు గుర్తుపెట్టుకుని చెప్పాలి. అంటే వంశం చెప్పేవాడు బిచ్చగాడు కాదు, దాయాది. వాటా భూమి రూపంలో కాక గింజల రూపంలో తీసుకుంటున్నాడు. ఇంటివాళ్లు ఈ సంగతి మరిచిపోయి చాలాకాలమైంది.

సుగ్గి అయి పంట ఇల్లు చేరాక వంశరాజులు వస్తారు. అరుగు మీద కూర్చుని దేవుణ్ణి తలుచుకుని, కులం పుట్టుక చెప్పి, గోత్రం, ఇంటిపేరు చెప్పి, అప్పుడు మూలపురుషుడి దగ్గరికి వస్తారు. ఏ ఊరి నుంచి లేచాడు, ఏ కరువులో లేచాడు, ఎక్కడ దిగాడు, ఎంత మంది కొడుకులు, ఎవరు ఇక్కడ నిలిచారు, ఎవరు బళ్ళారి వైపు పోయారు. బావి తవ్వించినవాడు, గుడికి మాన్యం ఇచ్చినవాడు వచ్చినప్పుడు గొంతు పెరుగుతుంది. వంశం చెప్పినవాడికి ఎవరు ఏమిచ్చారో కూడా వరుసలోనే వస్తుంది. మీ జేజినాయన మా జేజినాయనకు కోడెదూడ ఇచ్చినాడు అంటాడు. అది పొగడ్త మాత్రమే అనుకోకండి. ఇచ్చినదీ, పుచ్చుకున్నదీ ఇద్దరికీ గుర్తుండే సంగతి కాబట్టి ఆ తరానికి అది సాక్ష్యం. చివర్లో, పోయినసారి వచ్చినప్పటి నుంచి పుట్టినవాళ్లెవరు, పోయినవాళ్లెవరు అని అడిగి కలుపుకుంటారు. కొందరు నోటితోనే, కొందరు తాటాకుల్లో, తర్వాత తర్వాత నోటుపుస్తకాల్లో. ఊళ్లను తమలో తాము పంచుకుని ఉంటారు. ఒకరి మిరాశి ఊళ్లోకి ఇంకొకరు రాకూడదు. వస్తే కులపంచాయితీ. ఈ కట్టుబాటు వల్లే ఒక ఇంటి వంశం తరతరాలు ఒకే కుటుంబం నోట్లో ఉంటుంది.

దీంట్లో కష్టమైన పని పేర్లది. ఈ వైపు ఇళ్లలో పెద్దకొడుక్కి జేజినాయన పేరు పెట్టడం ఆనవాయితీ. హనుమంతప్ప కొడుకు తిమ్మప్ప, తిమ్మప్ప కొడుకు హనుమంతప్ప, వాడి కొడుకు మళ్లీ తిమ్మప్ప. ముగ్గురు అన్నదమ్ములూ తండ్రి పేరే తమ పెద్దకొడుకులకు పెట్టుకుంటే ఒకే ఇంటిపేరుతో ఒకే ఊళ్లో ముగ్గురు హనుమంతప్పలు. పెద్ద, నడిపి, చిన్న. బావికాడి, మిద్దింటి, గుడ్డికంటి అని గుర్తులు తగిలించి వీళ్లను విడదీస్తారు. ఈ గుర్తులు రాతలోకి ఎక్కవు. పట్టాలో ముగ్గురూ ఒట్టి హనుమంతప్పలే. అందుకే దావా వచ్చినప్పుడు రికార్డుకంటే ఈ నోటిమాట ఎక్కువ పనికొచ్చేది. మరో సౌకర్యం: పేర్లు ఒకటి విడిచి ఒకటి రావాలి కాబట్టి, వరుసగా రెండు తరాలకు ఒకే పేరు వచ్చిందంటే మధ్యలో ఒక తరం జారిపోయిందనో, దత్తత జరిగిందనో అనుమానించాలి.

కాలం లెక్కకు సంవత్సరాల పేర్లు, కరువులు. ధాత కరువులో ముత్తాత ఊరు విడిచాడంటే అది 1876–77. కానీ ధాత అరవై ఏళ్లకొకసారి తిరిగొస్తుంది: 1816, 1876, 1936, 1996. తరానికి పాతికేళ్లో ముప్ఫయ్యేళ్లో వేసి ఏ ధాతో తేల్చుకోవాలి. ఇప్పుడు తొంభై ఏళ్లున్న మనిషి ముత్తాతకు 1876 సరిపోతుంది, 1936 సరిపోదు. ఇంతే శాస్త్రం. చర్చి పుస్తకం లేని చోట కరువే తేదీ చెబుతుంది.

ఆస్తి అన్నదమ్ములందరికీ పంచే దేశం కాబట్టి మన వంశావళి ఇంగ్లండు వాళ్లదానిలా నిలువుగా పోదు. వేరుశెనగ చెట్టు పీకినట్టు, పైన కనబడేది ఒక్క మొదలు, కింద గుత్తులు గుత్తులుగా కాయలు. ఆ విస్తారమే దీని విలువ. ఏ ఊళ్లో దాయాదులున్నారో, ఎవరితో వియ్యం కుదరదో, ఎవరి చావుకు మైల పట్టాలో చెప్పేది అది. ప్రభువుల వంశావళి ఒకణ్ణి పైకెత్తడానికి పుట్టింది. రైతు వంశావళి ఒకరికొకరు ఏమవుతారో చెప్పడానికి పుట్టింది. నన్నడిగితే రెండోదే గొప్పది.

కచేరీ రాతల సంగతీ చెప్పుకోవాలి. కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ మనుషులు, ముఖ్యంగా కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు, ఊరూరా కరణాల దగ్గరున్న దండకవిలెలు అనే లెక్కల పుస్తకాలు చూసి, పెద్దల్ని అడిగి కైఫీయతులు అనే గ్రామ చరిత్రలు రాయించారు. తర్వాత సి. పి. బ్రౌన్ శిథిలమవుతున్న ఆ కాగితాలకు నకళ్లు తీయించాడు. అవి లేకపోతే ఈ సీమ గ్రామాల చరిత్రలో సగం పోయేది. అయితే పాళెగాళ్ల పింఛన్లు, ఇనాములు తేలుతున్న కాలంలోనే ఈ సేకరణా జరిగిందని మరిచిపోకూడదు. మా పెద్దలకు రాయలవారు ఈ ఊరిచ్చారు అని చెప్పినవాడికి ఆ ఊరు నిలబెట్టుకోవాలని ఉంటుంది. 1858లో ఇనాం కమిషన్ వచ్చాక మాన్యం తిన్న ప్రతి కుటుంబమూ వారసుల వరుస చెప్పుకోవాల్సి వచ్చింది.

వారసత్వం ఒప్పుకోకపోతే ఏమవుతుందో 1846లో తెలిసింది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి తన ఇంటి పింఛనులో వాటాగా వచ్చేది నెలకు పదకొండు రూపాయల చిల్లర. తల్లి వైపు పెద్ద నొస్సం జయరామిరెడ్డి పింఛను ఆ పెద్దాయన చనిపోగానే ప్రభుత్వం రద్దు చేసింది. కూతురి సంతతి అయిన నరసింహారెడ్డికి అందులో పైసా రాలేదు. ఆ ఏడు నరసింహారెడ్డి చేసిన తిరుగుబాటుకు ఇంకా కారణాలున్నాయి, కట్టుబడి మాన్యాలు లాక్కోవడం వాటిలో పెద్దది. కానీ వంశవృక్షంలో ఆడపిల్ల వైపు కొమ్మను లెక్కచేయకపోవడం కూడా అందులో ఒకటి. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ను ఉరితీశారు.

ఆ కొమ్మ మన సొంత వంశావళుల్లోనూ లేదు. పిచ్చిగుంట్ల వరుసలోనూ, కరణం రాతలోనూ కొడుకులే కొడుకులు. కూతుర్ని ఏ ఊరికిచ్చారో అడిగితే చెబుతారు గానీ, అడగందే చెప్పరు. 1986లో ఆంధ్రప్రదేశ్, 2005లో దేశమంతటికీ పార్లమెంటు హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చాయి. కాబట్టి ఆడపిల్లలు లేని వంశవృక్షం ఇప్పుడు అసంపూర్తి మాత్రమే కాదు, కోర్టులో చెల్లదు.

ఇది పాతకాలపు ముచ్చట అనుకునేవాళ్లు ఒకసారి తహసీల్దారు ఆఫీసుకు పోయి చూడాలి. తాత పేరున ఉన్న పొలం మనవళ్ల పేరుకు మారాలంటే వంశవృక్షం. పంటనష్టం డబ్బు రావాలంటే పాసుపుస్తకం, దానికి మళ్లీ వంశవృక్షం. హంద్రీ నీవా నీళ్లు చేరే జీడిపల్లి జలాశయం ఈ బెళుగుప్ప మండలంలోనిదే. కాలువైనా, చెరువైనా, గాలిమర అయినా భూమి తీసుకోవడమంటే వారసులెందరో లెక్క తేలడమే. 1984లో కరణాల వ్యవస్థ పోయింది. ఊరి మనుషులు తరాలుగా తెలిసినవాడు కుర్చీలో లేడు. వచ్చే ఉద్యోగి ఇద్దరు పొరుగువాళ్లను అడిగి సంతకం పెడతాడు. ఆ ఇద్దరికీ ముగ్గురు హనుమంతప్పల్లో ఎవరెవరో తెలియకపోతే పొలం దావాలో పడుతుంది.

కాబట్టి ఈ ఏడు సుగ్గి తర్వాత మీ వాకిట్లోకి వంశరాజో, హెళవో వస్తే చేటెడు గింజలు పోసి పంపేయకండి. కూర్చోబెట్టండి. ఫోనులో రికార్డు చేయండి, ఆయన ఒప్పుకుంటేనే. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి; మూలపురుషుడు దేవుడి కొడుకని చెప్పినా కొట్టేయకండి, గీత గీసి పక్కన పెట్టండి. కూతుళ్ల పేర్లూ, వాళ్లను ఇచ్చిన ఊళ్లూ అడిగి రాయండి, ఇంట్లో ముసలమ్మను పక్కన కూర్చోబెట్టుకుని సరిచూడండి. పేరు పక్కన బావికాడి, మిద్దింటి అనే గుర్తు తప్పకుండా వేయండి. ఒక ప్రతి ఇంట్లో, ఒక ప్రతి ఆయన దగ్గర ఉంచండి. ఆయనకిచ్చే కట్నం కూడా తేదీతో రాయండి. మీ మనవళ్లకు అదే సాక్ష్యం.